నాన్న, నేను, 465 మెట్లు

ఆదివారం రాత్రి.

తొడలు ఇంకా వణుకుతున్నాయి. సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆన్చి లేవాల్సొస్తోంది. నాన్న చూసి చూడనట్టు నవ్వుకుంటున్నారు.

ఆయన నెదర్లాండ్స్‌లో నా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. ఇంట్లో కూర్చుని పేపరు ఫోన్లో చదువుకోవడం తప్ప పని లేదు పాపం. అందుకే పొద్దున్నే రైలెక్కించి యూట్రెక్ట్ అనే ఊరు తీసుకెళ్ళాను. స్టేషన్ నుంచి కాలువ దాటి నడుస్తుంటే ఇళ్ళ కప్పుల మధ్యనుంచి డోమ్ టవర్, అక్కడి పెద్ద చర్చి గంటల గోపురం, కనబడింది. అడుగున పెద్ద ఆర్చి. దారి దాని కిందనుంచే పోతుంది. మనుషులూ సైకిళ్ళూ అందులోంచే ఇటూ అటూ.

"అచ్చం మన గాలిగోపురమే" అన్నారు నాన్న. ఆర్చి దాటి అవతలికి వచ్చి ఆగిపోయారు. "మరి గుడేదీ?"

ఎదురుగా ఖాళీ స్థలం, కొన్ని చెట్లు. ఆ ఖాళీకి అటుచివర చర్చి. గోపురానికీ గుడికీ మధ్య ఉండాల్సిందేదో లేదు. నిన్న రాత్రి చదువుకున్నదంతా అప్పజెప్పాను. గోపురం 1321లో మొదలుపెట్టి 1382కి పూర్తిచేశారు. తరవాత చర్చి మధ్యభాగం, అదే జనం నిలబడే పెద్ద హాలు, కడుతుండగా డబ్బులు అయిపోయాయి. గోడలను బయటినుంచి ఆదుకునే రాతి ఆనుకట్లు కట్టనేలేదు. 1674 ఆగస్టు 1న వచ్చిన తుఫానుకి ఆ హాలు మొత్తం కూలిపోయింది. విడిగా కట్టిన గోపురం మాత్రం నిలబడింది. ఆ రాళ్ళగుట్ట 1826 దాకా, అంటే నూట యాభై ఏళ్ళు, ఊరి నడిబొడ్డున అలాగే పడి ఉందట.

నాన్న రిటైరైంది ఇంజినీరుగానే. "బిల్లులు రాక పనులు ఆగిపోవడం మన దగ్గరే అనుకున్నా" అన్నారు. ఆయన ముఖంలో అంత తృప్తి ఈ మూడు వారాల్లో నేను చూడలేదు.

పైకి గైడుతోనే పంపుతారు. నాన్న మోకాళ్ళు ఇంట్లో మెట్లకే మొరాయిస్తాయి. "నువ్వెళ్ళిరా అమ్మా, నేనిక్కడ కూర్చుంటా" అని ఫ్లాస్కు తీసుకుని బెంచీ మీద స్థిరపడ్డారు. ఆయన్ని వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. అయినా వెళ్ళాను.

మెలికలు తిరిగే రాతిమెట్లు. లోపలి అంచున కాలు పెట్టడానికి చోటుండదు, బయటి అంచున నడవాలి. వంద దాటాక మాటలు ఆగాయి, రెండొందలు దాటాక లెక్క ఆగింది. మొదట వచ్చేది బిషప్పు సొంత ప్రార్థనామందిరం. మిఖాయేలు దేవదూత పేరు. గోపురంలో అంత ఎత్తున అంత పెద్ద గది ఉంటుందని అనుకోలేదు. మేం అందరం దాన్ని మెచ్చుకున్నది మాత్రం బెంచీలున్నందుకు.

ఈ గోపురం లేస్తున్న రోజుల్లోనే గేర్ట్ గ్రోటె అనే మతబోధకుడు ఇదంతా గర్వమనీ, దుబారా అనీ దీనికి వ్యతిరేకంగా ఒక గ్రంథమే రాశాడు. సుమారు మూడొందలో మెట్టు దగ్గర నేను పూర్తిగా ఆయన పక్షం.

గంటల అంతస్తు చేరాక పక్షం మార్చేశాను. 1505లో గేర్ట్ వాన్ వౌ పోతపోసిన పదమూడు గంటల్లో ఆరు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది సాల్వటోర్, ఎనిమిది టన్నుల పైమాటే. వీటికి మోటార్లు లేవు. ఊళ్ళోవాళ్ళు ఒక సంఘం పెట్టుకుని, వచ్చి తాళ్ళు లాగి మోగిస్తారు. సాల్వటోర్‌కి ఒక్కరు చాలరు. నేను దాని అంచు కింద నిలబడి చూస్తుండగా సరిగ్గా రెండయింది. గడియారం సుత్తి పడింది. చెవుల కంటే ముందు పాదాలకు తెలిసింది. పక్కనున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది, ఎవరో ఏమిటో. రెండో దెబ్బ పడ్డాక వదిలేసి సిగ్గుపడింది.

ఇంకా పైన పాటలు వాయించే చిన్న గంటలు, 1664 నాటివి, హెమోనీ అన్నదమ్ముల పని. గంటను సరిగ్గా శ్రుతిచేయడం ఎలాగో ఈ అన్నదమ్ములు తెలుసుకున్నది యాకోబ్ వాన్ ఐక్ సాయంతో. ఆయన ఈ గోపురంలోనే గంటలు వాయించేవాడు, పుట్టుగుడ్డి. ఒక్క గంట మోగితే అందులో కలిసిపోయిన స్వరాలన్నీ విడివిడిగా వినగలిగేవాడట. సాయంత్రాలు ఊళ్ళోని ఇంకో చర్చి, యాన్స్‌కెర్క్, ఆవరణలో షికారు చేసేవాళ్ళకు పిల్లనగ్రోవి వినిపించాలన్న షరతు మీద 1649లో ఆయనకు జీతం పెంచారు. ఇలాంటి షరతు మా ఆఫీసులో పెడితే బావుణ్ణు. నేను ఫోన్ లైటు వేసుకుని తడుముకుంటూ ఎక్కిన చీకటిమెట్లు ఆయనకు పగలూ రాత్రీ ఒకటే అయుంటాయి. ఈ హెమోనీ గంటలు వినకుండానే, 1657లో పోయాడు. దిగేటప్పుడంతా అదే ఆలోచన.

పైన ఏముంది? గాలి. సుమారు 95 మీటర్ల ఎత్తు. ఆకాశం తేటగా ఉంటే ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్ కనబడతాయంటారు. ఇవాళ మబ్బు. అయినా పెద్ద కొండన్నది లేని దేశంలో ఎంత పైకెక్కినా కనబడేది చదునే. అందరూ దూరంగా చూస్తుంటే నేను కింద బెంచీ కోసం వెతికాను. బెంచీ ఖాళీ! గుండె గుభేలుమంది. తరవాత కనబడ్డారు. నీలం స్వెట్టరు, తల వంచుకుని, తిన్నగా ఒక గీత మీద నడుస్తున్నారు. చివరికెళ్ళి, మలుపు తిరిగి, మళ్ళీ తిన్నగా. ఏదో పారేసుకున్నారనుకున్నాను.

దిగాక అడిగితే కిందికి చూపించారు. కూలిపోయిన హాలు గోడలూ స్తంభాలూ ఎక్కడుండేవో నేలమీద వేరే రంగు రాళ్ళు పరిచి గుర్తు పెట్టారు. రోజూ ఎన్ని వందలమంది తొక్కుకుంటూ పోతారో. నాన్న వాటి వెంబడి అడుగులు కొలుస్తూ హాలు మొత్తం చుట్టొచ్చారు.

"స్తంభాల దూరం బాగానే పెట్టారు. పాపం, పైన పని మిగిలిపోయింది" అన్నారు, తెలిసినవాళ్ళ ఇల్లు గురించి చెప్పినట్టు. ఆ తరవాత, "రెండు కొట్టినప్పుడు ఎక్కడున్నావ్?"

"దాని కిందే."

"అనుకున్నా" అని ఫ్లాస్కులో మిగిల్చిన టీ నాకిచ్చారు. చల్లారిపోయింది.

పడగ్గదులు మేడమీద. మెట్లు పదమూడు, నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కడం నాన్న పద్ధతి. ఈ రాత్రికి ఆయన వెనకాల నేనూ అదే పద్ధతి.