ఏడు రాత్రుల ఓడ ప్రయాణం, నా చక్కెర, ఒక యంత్రం

నిన్న ఉదయం సియాటిల్ రేవులో ఓడ దిగి మా అబ్బాయి ఇంటికి చేరుకున్నాను. అలాస్కా ఎలా ఉందని ఫోనులో అడిగిన ప్రతివారికీ అద్భుతంగా ఉందని చెబుతున్నాను గాని, నా మనసులో మెదులుతున్నది హిమానీనదాలు కావు. ఓడ పైఅంతస్తులోని వ్యాయామశాలలో జరిగిన ఒక అరగంట భాగోతం. దాని మంట చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

నాకు 63 ఏళ్లు. కాకినాడలో 34 ఏళ్లపాటు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. బయలుదేరే ముందు చేయించుకున్న మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 7.2 శాతం వచ్చింది. ఓడలో తిండి దాదాపు రోజంతా దొరుకుతుందని, పెరిగిన బరువును మోసుకుంటూ తిరిగి రావద్దని మా డాక్టరు ముందే హెచ్చరించాడు.

టిక్కెట్లు, చివరి రోజు విక్టోరియాలో ఆగుతుంది కనుక అవసరమైన కెనడా వీసా, అన్నీ మా అబ్బాయే చూసుకున్నాడు. ఓడ ఎక్కేటప్పుడు మా ఆవిడ సంచిలోని చిన్న రైస్ కుక్కరు తనిఖీలో పట్టుబడింది. వేడిచేసే విద్యుత్ పరికరాలను అగ్నిప్రమాద భయంతో ఓడలోకి రానివ్వరు. రసీదు రాసిచ్చి, దిగేటప్పుడు తిరిగి ఇచ్చారు. ఆమె మాత్రం మొదటి రెండు రోజులూ పిల్లవాణ్ణి హాస్టల్లో వదిలి వచ్చిన తల్లిలా ఉంది.

తిండి విషయంలో నేను అనుకున్నంత కష్టం కలగలేదు. పదకొండో అంతస్తులోని బఫేలో మొదటి పూట మాత్రం నేనూ తప్పు చేశాను. తలుపు దగ్గర చేతులు కడిగించి లోపలికి పంపగానే కనిపించిన మొదటి బల్లమీద రొట్టెలే ఆరు రకాలున్నాయి. కూరగాయలు ఉన్న చివరి బల్ల దగ్గరికి వెళ్లేసరికి పళ్లెంలో చోటు లేదు. ఆ మర్నాటి నుంచి ముందు ఖాళీ చేతులతో హాలంతా ఒక చుట్టు తిరిగి, ఏం తినాలో నిర్ణయించుకొని, ఆ తరువాతే పళ్లెం పట్టుకున్నాను. రాత్రి భోజనానికి ఐదున్నర గంటల వరుసనే ఎంచుకోవాలని నా సలహా. ఎనిమిది దాటాక తిని పడుకుంటే ఉదయం చక్కెర ఎంత చూపిస్తుందో నాకు అనుభవమే. మేము శాకాహారులమని చెప్పగానే మా బల్ల చూసే హెడ్ వెయిటరు, ఆయనది గోవా, ముందురోజు రాత్రే చెబితే మర్నాడు పప్పు, రొట్టె, ఏదో ఒక కూర చేయించి పెడతానన్నాడు. అన్నట్టే ఆరు రాత్రులూ పెట్టాడు. పనీరు వద్దని మాత్రం మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. ఉదయం పెట్టే పెరుగులో చాలావరకు పంచదార, పళ్ల గుజ్జు కలిపి ఉంటాయి. ఏమీ కలపని పెరుగు లోపల ఉంటుంది, అడిగి తెప్పించుకోవాలి. పళ్లరసం ఊరికే వస్తోంది కదా అని తాగేవారు ఆ తరువాత నాలుగు జతల మెట్లెక్కినా లాభం లేదు.

మెట్లంటే గుర్తొచ్చింది. మా గది ఐదో అంతస్తులో ఉంది. ఏడు రోజుల్లో సామానుతో ఉన్నప్పుడు తప్ప నేను లిఫ్టు ఎక్కలేదని సగర్వంగా చెప్పుకుంటాను. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు ఒక్క అంతస్తు పైనున్న ఐస్‌క్రీము కోసం లిఫ్టు ముందు పది నిమిషాలు నిలబడడం చూశాను. ఇక నడకకు ఓడ చుట్టూ చెక్క పరిచిన వసారా ఉంది; మూడు చుట్లు తిరిగితే ఒక మైలు. రోజూ ఆరు గంటలకు మంకీ క్యాపు పెట్టుకొని తొమ్మిది చుట్లు తిరిగాను.

రెండో రోజు ఓడ వాంకూవర్ దీవికి పడమటి వైపున, మహాసముద్రంలో పోతోంది. వ్యాయామశాలలోని తూనిక మీద నిలబడితే ముల్లు ఒకచోట నిలవక కిలోకు పైగా అటూ ఇటూ ఊగింది. ఓడ అలమీద పైకి లేవడం మొదలైనప్పుడు మన బరువు ఎక్కువగా, కిందికి దిగడం మొదలైనప్పుడు తక్కువగా చూపిస్తుంది. లిఫ్టులో నిలబడిన మనిషి లెక్కగా దీన్ని 34 ఏళ్లు నల్లబల్లమీద చేయించినవాణ్ణి కనుక, పక్కనే కంగారుపడుతున్న ఒక పెద్దాయనకు విడమరచి చెప్పి, ఆయన చేత కృతజ్ఞతలు కూడా చెప్పించుకున్నాను. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, అంత తెలిసినవాణ్ణి గంట తిరగకముందే ఏం చేశానో మీకు తెలియాలి.

ఆ పదిగంటలకు అక్కడే జీవక్రియ గురించి ఉచిత ఉపన్యాసం ఉందని మా కోడలు ఓడవాళ్ల కార్యక్రమాల కాగితంలో చూసింది. పదిహేను మందిమి కుర్చీల్లో కూర్చున్నాం. కండలు తిరిగిన ఒక కుర్రవాడు వచ్చి, మన అలసటకూ, పొట్టకూ, నిద్రలేమికీ ఒంట్లో పేరుకున్న విషపదార్థాలే కారణమన్నాడు. ఆ పదార్థాల పేరు ఒక్కటైనా చెప్పలేదు. కాలేయం, మూత్రపిండాలు ఏం చేస్తున్నట్టు అని అడుగుదామనుకుంటూ ఉండగానే, శరీర పరీక్షకు ఎవరైనా ముందుకు రావాలన్నాడు. "మామయ్యగారూ, మీరు వెళ్లండి, మీకు పనికొస్తుంది" అని మా కోడలు చేయెత్తి నన్ను చూపించింది.

బూట్లు, మేజోళ్లు విప్పమన్నాడు. లోహపు రేకుల మీద నిలబెట్టి, చేతికి రెండు పిడులు ఇచ్చాడు. యంత్రం కీచుమని అరిచి ఆగిపోయింది. మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ అరిచింది. అతను వంగి నా పాదాలవైపు చూసి, గదంతా వినబడేలా, ఈయన మడమలు ఎండిపోయి పగుళ్లిచ్చాయి, అందుకే అందడం లేదన్నాడు. పదిహేను జతల కళ్లు నా మడమల మీద పడ్డాయి. తడిగుడ్డ తెచ్చి అందరి ముందూ నా పాదాలు తుడిచాడు. రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకోమని ముప్ఫై ఏళ్లుగా పోరుతున్న మా ఆవిడ ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువైంది.

ఆ తరువాత కాగితం వచ్చింది. కొవ్వు 34 శాతం, శరీర వయసు 74. బొమ్మలోని పొట్టచుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, మూడు నెలలపాటు సముద్రపు నాచు మాత్రలు వాడితే అంతా కడిగేస్తుందన్నాడు. ధర 399 డాలర్లు. ఆ యంత్రం చేసేదల్లా ఒంట్లోకి అతి స్వల్ప విద్యుత్తు పంపి నిరోధం కొలవడమే. నీరున్న కండరంలో విద్యుత్తు తేలిగ్గా పోతుంది, కొవ్వులో అంత తేలిగ్గా పోదు. ఆ నిరోధానికి ఎత్తు, వయసు కలిపి సూత్రంలో వేసి కొవ్వును అంచనా కడుతుంది. ఉదయం మూడు మైళ్లు నడిచి, గుక్కెడు నీళ్లు తాగకుండా, ఎండిన మడమలతో నిలబడినవాడి నిరోధం ఎక్కువగానే వస్తుంది. ఇదంతా నాకు తెలుసు. ఓమ్ సూత్రం నిద్రలో అడిగినా చెప్పగలను. కాని ఆ గదిలో, బట్టతల మీద మంకీ క్యాపుతో, పాదాలు తడిగా ఉండి నిలబడినప్పుడు ఒక్క ముక్క నోటికి రాలేదు. థాంక్యూ అన్నాను. మాత్రలు కొనలేదు, అదొక్కటే నా పరువు. ఉపన్యాసమే ఉచితమట, పరీక్షకు 35 డాలర్లట. దానిమీద 18 శాతం సేవా రుసుము కూడా గది లెక్కలో చేరింది. అంటే నా మడమలను చాటింపు వేసినందుకు బక్షీసు కూడా నేనే ఇచ్చుకున్నాను. ఓడలో ఉచితం అన్న మాట కనిపిస్తే బూట్లు విప్పకండి.

ఓడ ఆగిన ఊళ్లలో అలాస్కా రాజధాని జునో ఒకటి. అక్కడ మెండెన్‌హాల్ హిమానీనదం ఎదుట ఉన్న నగెట్ జలపాతం దాకా పోనురాను రెండు మైళ్లు, చదునైన దారి. మా ఆవిడ కూడా హాయిగా నడిచింది. 1897, 98 సంవత్సరాల్లో కెనడాలోని క్లోండైక్ బంగారం కోసం వేలాదిమంది వచ్చి దిగిన స్కాగ్వేలో మాత్రం యంత్రం మీది పౌరుషంతో డ్యూయీ సరస్సు కొండదారి పట్టాను. అది నిట్టనిలువుగా ఉంది. సగం దారిలో చెమటలు పట్టి చేతులు వణికాయి. చక్కెర చూసుకుంటే 66. చక్కెర తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకొని, ఉదయం రెండే ఇడ్లీలంత ఓట్స్ తిని కొండెక్కితే మరేమవుతుంది? ఓడలోని పండ్లను రేవులో దింపనివ్వరని తెలిసి మా కోడలు గ్లూకోజు బిళ్లల డబ్బా నా జేబులో పడేసింది కాబట్టి సరిపోయింది. నాలుగు బిళ్లలు నమిలి పావుగంట కూర్చున్నాక 94కి వచ్చింది. సరస్సు చూడకుండానే దిగాను. ఇంత జరిగాక ఉపన్యాసం సంగతిలో ఆ అమ్మాయి మీద పెట్టుకున్న కోపం కూడా అక్కడే వదిలేశాను.

ఈ ఉదయం మా అబ్బాయి ఇంట్లో, కదలని నేలమీద తూచుకుంటే బయలుదేరిన నాటికంటే 400 గ్రాములు ఎక్కువ. పరగడుపు చక్కెర 121. యంత్రం ఇచ్చిన కాగితాన్ని మా అబ్బాయి నవ్వుతూ ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. మా ఆవిడ పొద్దున్నే దుకాణానికి వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చింది. మడమలకు పట్టించుకొని, పైన మేజోళ్లు తొడుక్కొని ఇది రాస్తున్నాను.