మిద్దె మీద ఎండ, ఇంట్లో ఉక్క

నిన్న మధ్యాహ్నం తిరుపతిలో నెత్తి మాడిపోయే ఎండ. మిద్దె మీద మా 3 కిలోవాట్ల సోలార్ పలకలు ధగధగా మెరుస్తాన్నాయి. కింద ఫ్యాన్ మాత్రం తిరగదు! లైన్లో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. మన పలకల కరెంటు లైన్లోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. సబబే. ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం కింద రూ.78,000 సబ్సిడీ అనగానే సంబరపడి ఈ ముక్క నేనే అడగలా.

"ఇంత డబ్బు పోసి విసనకర్ర పట్టుకోవాల్నా నాయనా?" అనింది అమ్మ.

పైగా పలకలు 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. నిన్న వాటిమీద చెయ్యి పెడితే కాలింది. ఇంక దుమ్ము... పొద్దున తడిగుడ్డతో తుడిస్తే బకెట్లో నీళ్లు టీ రంగుకు తిరిగినాయి.

నెల బిల్లు చూస్తే కోపం పోతుందిలెండి. బ్యాటరీ ధర కనుక్కుంటే మళ్లీ వచ్చింది.