డోసింగ్ పంపు మీద ఆ చిన్న గేజ్ చూస్తున్నారా

కెమికల్ ప్లాంట్లలో పెద్ద పంపు ఆగితే అందరూ పరిగెత్తుతారు గానీ ఓ మూల టక్ టక్ మని కొట్టుకుంటూ కెమికల్‌ని కొలిచినట్టు కొంచెం కొంచెంగా పంపే డోసింగ్ పంపుని ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో రౌండ్‌కి వెళ్ళినప్పుడు ముందు చూడాల్సింది దాన్నే, చాలా చోట్ల అందులో నడిచేది ఒంటి మీద పడకూడని సరుకు.

గంటకి 50 లీటర్లు, 100 బార్ ప్రెషర్ అనుకోండి. లెక్క కడితే లిక్విడ్‌కి అందాల్సిన పవర్ 140 వాట్ల లోపే, అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు. మరి సెంట్రిఫ్యూగల్ పంపు (చక్రం గిర్రున తిప్పి లిక్విడ్‌ని నెట్టేది) పెట్టెయ్యొచ్చుగా అంటారు కొత్తగా చేరిన కుర్రాళ్ళు, కుదరదు, 100 బార్ అంటే నీళ్ళకైతే కిలోమీటరు పైనే హెడ్ (ఎక్కించగలిగే ఎత్తు), అంత హెడ్ ఇచ్చే మామూలు సెంట్రిఫ్యూగల్‌లోంచి ఇంత సన్నటి ధార తీస్తే లిక్విడ్ లోపలే సుడి తిరిగి వేడెక్కిపోతుంది.

ప్లంజర్ పంపు, అంటే కడ్డీ ముందుకీ వెనక్కీ ఆడి లిక్విడ్‌ని నెట్టేది, చవకే, కాకపోతే ఆ కడ్డీ చుట్టూ లీకు ఆపే గ్లాండ్‌ని ఎంత బిగించినా కొంచెం చెమ్మ వస్తూనే ఉంటుంది. బాయిలర్ నీళ్ళలో ఆక్సిజన్ తీసెయ్యడానికి వేసే హైడ్రజీన్‌కి ఆ చెమ్మ కూడా పనికిరాదు, అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, క్యాన్సర్ భయమూ ఉంది.

అందుకే డబుల్ డయాఫ్రమ్ పంపు, అంటే లోపల వంగే పొరలు (డయాఫ్రమ్‌లు) రెండు ఉన్నది, కొనమని గొడవ చేస్తాను. వెనక ప్లంజర్ నూనెని నెడుతుంది, నూనె డయాఫ్రమ్‌ని నెడుతుంది, కెమికల్‌కి బయటికొచ్చే సందే ఉండదు. రెండు డయాఫ్రమ్‌ల మధ్య నుంచి ఓ గేజ్‌కి సన్నటి దారి ఉంటుంది, మామూలుగా ముల్లు సున్నా మీదే ఉంటుంది. ఒకటి చిరిగితే ప్రెషర్ ఆ మధ్యలోకి దూరి ముల్లు లేస్తుంది, అక్కడున్న స్విచ్ అలారం మోగిస్తుంది, రెండోది ఇంకా ఆపుతుంటుంది కాబట్టి చుక్క బయటికి రాకుండా పంపు ఆపుకునే టైమ్ దొరుకుతుంది. అలారం మోగుతోందని ఆ స్విచ్‌ని బైపాస్ చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది.

ఇంకోటి, డిశ్చార్జ్ వాల్వ్ (లిక్విడ్ బయటికెళ్ళే వైపుది) మూసి దీన్ని స్టార్ట్ చెయ్యకూడదు, ఏదో ఒకటి పగిలేదాకా ప్రెషర్ పెరుగుతూనే ఉంటుంది. ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ పంపు లోపల ఉండేది పంపుని కాపాడుకోడానికి, లైనుకి వేరేది పెట్టాలి, దాని అవుట్‌లెట్ డ్రైన్‌లోకి కాదు, మళ్ళీ ట్యాంకులోకే పోవాలి.