ఫైలు నీడ

ఈ రోజు కథ ఒక్క లైను కూడా ముందుకు జరగలేదు. కళ్ళు కనపడక. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, అక్షరాలు మళ్ళీ కుదురుగా నిలబడుతున్నాయి కాబట్టి పడుకోబోయే ముందే ఇది రాసుకుంటున్నాను. రేపటికి ఉంచితే సగం పోతుంది, నాకు తెలుసు.

మధ్యాహ్నం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మూడు నెలలుగా వాయిదా వేస్తున్న పని. అక్కడ ఎలాగూ చాలాసేపు కూర్చోవాలి కదా అని కథ ప్రింటు తీసుకుని సంచీలో పెట్టుకున్నాను. నాలుగు వారాలుగా నన్ను నిద్రపోనివ్వని ప్రేమకథ. అందులో అబ్బాయి రైల్వే ప్లాట్‌ఫాం మీద అందరి ముందూ తన ప్రేమ చెప్పేస్తాడు. వాన, జనం, పరుగు, కదులుతున్న రైలు, అన్నీ పెట్టాను. చదివిన స్నేహితురాలు మాత్రం "బాగుంది కానీ, వీళ్ళిద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ఇష్టమని నాకెక్కడా అనిపించలేదే" అంది. ఆ మాట అప్పటినుంచీ లోపల అలాగే ఉంది. ఆమె తప్పు చెప్పలేదు కాబట్టే అంత గుచ్చుకుంది.

తీరా వెళ్ళాక కంట్లో చుక్కలు వేసేశారు. కంటిపాప పెద్దదైతేనే లోపల రెటీనా సరిగ్గా కనపడుతుందట. ఆ చుక్కలు పడ్డాక కొన్ని గంటలపాటు దగ్గరివి మసకబారిపోతాయి, వెలుతురు చూస్తే కళ్ళు జిగేలుమంటాయి. ఇంక ప్రింటు చదవడం ఏంటి, చేతిలో కాయితాలు ఉన్నాయని తెలుస్తోంది అంతే. వాటిని మడిచి సంచీలో పెట్టేసి, చేసేదేం లేక, కళ్ళు మూసుకుని చుట్టూ మాటలు వింటూ కూర్చున్నాను.

నా ఎదురు వరసలో ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆవిడకీ చుక్కలు వేశారు. ఆవిడ ఫోనులో ఏదో టింగుమంది.

"ఏవండీ, ఎవరో చూడండి."

"మన బుజ్జిది. బొమ్మ వేసి పంపింది. ఇల్లు."

"ఎలా ఉంది?"

"ఇంటికంటే పువ్వు పెద్దది."

ఆవిడ నవ్వు వినిపించింది. "తలుపు పెట్టిందా?"

"పెట్టింది."

"గడియ?"

ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. నేను కళ్ళు తెరిచి చూశాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఆ పిల్ల వేసిన తలుపుకి గడియ ఉందా లేదా అని నిజంగా వెతుకుతున్నాడు. "ఒక చుక్క పెట్టింది. గడియే అయ్యుంటుంది" అన్నాడు చివరికి. 'ఆ, ఉందిలే' అనేసి ఊరుకోవచ్చు, ఆవిడకి ఎలాగూ కనపడదు. అయినా వెతికాడు. నాకు అక్కడే గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

వాళ్ళు బయల్దేరేసరికి సాయంత్రపు ఎండ తలుపు లోంచి ఏటవాలుగా పడుతోంది. ఆవిడ గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. ఆయన చేతిలో రిపోర్టుల ఫైలు ఉంది, దాన్ని తీసి ఆవిడ మొహానికి ఎండ వచ్చే వైపు అడ్డంగా పట్టుకున్నాడు. చెయ్యి చాచి, కొంచెం ఎత్తి. ఇంతవరకూ అయితే నా నోటుబుక్కులో ఒక లైను అయ్యేది: 'ఫైలుతో నీడ పట్టిన భర్త'. కానీ నాలుగడుగులు వేశాక ఆవిడ ఏం చేసిందంటే, తల కొద్దిగా వంచి, ఆయన వైపు జరిగి నడవడం మొదలుపెట్టింది. దాంతో ఆయన చెయ్యి అంతెత్తు ఉంచక్కర్లేకపోయింది, మోచెయ్యి ఒంటికి ఆనించుకుని పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. అలా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆటోలో కళ్ళు మూసుకుని వస్తుంటే గాథాసప్తశతిలో ఎప్పుడో చదివిన ఒక గాథ గుర్తొచ్చింది. శాతవాహన రాజు హాలుడు కూర్చిన ఆ ప్రాకృత గాథల్లో ఎక్కువ భాగం ఇలాంటి క్షణాలే. చలివేంద్రం దగ్గర ఒక బాటసారి దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు, కళ్ళు మాత్రం పైన, నీళ్ళు పోసే అమ్మాయి మీద. ఇంకాసేపు అక్కడే ఉండాలని వేళ్ళు ఎడంగా పెట్టి నీళ్ళు జారిపోనిస్తున్నాడు. ఆ అమ్మాయేమో అసలే సన్నగా ఉన్న ధారని ఇంకా సన్నం చేస్తోంది. అంతే, రెండు పంక్తుల గాథ. ఇన్ని శతాబ్దాలు నిలిచింది. అతను వేళ్ళు ఎడం చేయడం దగ్గరే ఆపేసి ఉంటే అది ఒక కుర్రాడి తుంటరితనం అయ్యేది, ధార సన్నబడింది కాబట్టి ప్రేమ అయింది.

నేను ఇన్నాళ్ళూ తప్పు చేసింది ఇక్కడే అనిపిస్తోంది. నా నోటుబుక్కు నిండా చేసినవాళ్ళే ఉన్నారు. తలుపు తెరిచి పట్టుకున్నవాడు, నిద్రపోతున్న మనిషి భుజం కింద నుంచి చెయ్యి తీయకుండా గంటసేపు కూర్చున్నది, గొడవపడి మాటలు మానేసిన రోజున కూడా అవతలి వాళ్ళ ఫోను చార్జింగు పెట్టినవాళ్ళు. అవతలి మనిషి చూశారా, చూసి ఏం చేశారు, చూడకపోతే ఆ చెయ్యి ఏమైంది, ఇవేవీ నేను రాసుకోలేదు. అందుకే కథలోకి తెచ్చాక అవి పూలకుండీల్లా ఓ మూల ఉండిపోయేవి.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు కొత్తగా పెళ్ళయిన జంటలని గమనించి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళ సంగతి కనుక్కున్నాడు. కిటికీ దగ్గర ఒకరు 'అదుగో ఆ పిట్టని చూడు' అంటే రెండోవాళ్ళు తలెత్తి చూస్తారా లేదా, ఇలాంటివి లెక్కపెట్టాడు. కలిసి ఉన్న జంటలు అలాంటి పిలుపులకి నూటికి 86 సార్లు పలికారట, విడిపోయినవాళ్ళు 33 సార్లే. ఎప్పుడో చదివి, లెక్క బాగుందనుకుని వదిలేశాను. ఇవాళ ఆ పెద్దాయన గడియ వెతకడం చూశాక గానీ ఆ 86 లోపల ఏముంటుందో తెలియలేదు. పెద్దావిడ అడిగింది తలుపు గురించి కాదు, తనతో పాటు ఆ బొమ్మ చూడమని.

ఇంకోటి కూడా. ఆ ఫైలు తెచ్చి నా కథలో అబ్బాయి చేతిలో పెడితే పని జరగదు. వాళ్ళ వయసుకి, వాళ్ళ మధ్య గడిచిన ఏళ్ళకి అతికిన పని అది, ఇంకొకళ్ళకి అతకదు. అసలు వాళ్ళని ఉన్నది ఉన్నట్టు రాయడం నాకిష్టం లేదు, ఆ నాలుగడుగులు వాళ్ళ సొంతం. నేను తీసుకోగలిగింది ఆ తల వంచడం వెనకున్న సంగతి మాత్రమే. నా కథలో అమ్మాయికి ఒక చెవి సరిగ్గా వినపడదు, ఆ విషయం మూడో పేజీలో రాసి మర్చిపోయాను! ఆ అబ్బాయి ఎప్పుడూ ఆమెకి వినపడే వైపే నడుస్తాడేమో, ఒకరోజు రోడ్డు దాటుతూ మర్చిపోయి రెండో వైపుకి వస్తే, ఆమె ఏమీ అనకుండా తనే చుట్టూ తిరిగి వచ్చి నడుస్తుందేమో. ప్లాట్‌ఫాం తీసేస్తాను. వాన కూడా.

ఇంటికొచ్చి, టైమెంతయిందో చూద్దామని ఫోను తీశాను. అంత మసకలోనూ అంకెలు కనపడ్డాయి. చుక్కల ప్రభావం తగ్గిందేమో అనుకున్నాను. కాదు, ఎదురుగా క్యాలెండరు మీద తేదీలు అలుక్కుపోయే ఉన్నాయి. ఫోనులో అక్షరాలన్నీ పెద్దవైపోయి ఉన్నాయి, వెలుతురు బాగా తగ్గించి ఉంది. నేను చేయలేదు. పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు మా ఆయన "ఒకసారి నీ ఫోనివ్వు" అని తీసుకుని, నిమిషంలో తిరిగి ఇచ్చేశాడు. ఏదో నంబరు కోసమనుకున్నాను, తలెత్తి చూడను కూడా లేదు, ఆ కథ పేజీల్లో మునిగి ఉన్నాను.

పదకొండేళ్ళయింది మా పెళ్ళయి. ఇలాంటివి ఎన్ని దాటిపోయాయో అని కూర్చుని ఆలోచిస్తే నిజంగా భయం వేసింది.

ఆయన వచ్చాక ఏదైనా చెప్పాలనుకున్నాను, మాటలు కుదరలేదు. కాసేపటికి ఆయనే నా ఫోను వంక చూసి, "కళ్ళు బాగానే కనపడుతున్నాయి కదా ఇప్పుడు, అక్షరాలు ఇంకా పెద్దగానే ఉంచావేంటి? చిన్నవి చేసివ్వనా?" అన్నాడు.

"వద్దు, ఉండనీ" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, లైటు కొంచెం తగ్గించి, పక్కన కూర్చున్నాడు.