పాత కారు: రిపేరా, మార్పా?

అనంతపురంలో కారు బాడీ అంత తొందరగా తుప్పు పట్టదు. సముద్రపు గాలి లేదు కదా. ఇక్కడ ఇంజిన్లను చంపేది బోరు నీళ్లు. రేడియేటర్‌లో అవే పోస్తూ పోతే లోపల సున్నం పేరుకుని, ఇంజిన్ వేడెక్కి, చివరికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ పాలు ఎక్కువైన టీలా కనిపిస్తే అనుమానం దానిమీదే.

"ఇంజిన్ విప్పి బాగుచేయాలి" అని మెకానిక్ అనగానే తలూపొద్దు. ముందు కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో చూడటం) చేయించండి. పెట్రోల్ ఇంజిన్‌లో సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో; అప్పుడు హెడ్ దింపితే సరిపోవచ్చు. రింగులతో పాటు సిలిండర్ గోడలూ అరిగుంటే ఖర్చు వేరే లెక్క.

క్లచ్, బుష్‌లు, బ్యాటరీ ఎప్పటికైనా మార్చాల్సినవే. వాటికోసం బండి అమ్మడం దండగ. చాసిస్ (బండి కింది చట్రం) వంగితే మాత్రం ఆశ వదులుకోండి.

ఆర్‌సీ కూడా చూడండి. సొంత కారుకు దాని గడువు 15 ఏళ్లు, తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్లకోసారి రెన్యువల్. పద్నాలుగో ఏట పెద్ద రిపేరు పెట్టేవాళ్లు ఆ ఖర్చూ కలుపుకోవాలి.