అలిపిరి మెట్ల మీద మొక్కజొన్న పొత్తు

పెద్దపేగును పూర్తిగా తీసివేసి, చిన్నపేగు చివరను పొట్టకు కుడివైపున బయటకు తెచ్చి, స్టోమా అనే ఆ ద్వారానికి సంచి అమర్చిన రెండేళ్లకు, అమ్మ మొక్కిన మొక్కు తీర్చడానికి నా భార్యతో కలిసి అలిపిరి నుంచి కాలినడకన తిరుమలకు బయలుదేరాను. నడిచి వెళ్లేవారి సామాను దేవస్థానం వారే కొండమీదికి చేరుస్తారు గాని, విడి స్టోమా సంచులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వేడినీళ్ల ఫ్లాస్కు ఉన్న చేతిసంచిని మాత్రం మేము వదల్లేదు.

3,550 మెట్లలో గాలిగోపురం దాకా ఎక్కడమే కష్టం. అక్కడ ఆకలికి ఆగలేక, మొక్కజొన్న పొత్తు కొని సరిగా నమలకుండానే తినేశాను. మొక్కజొన్న, కొబ్బరి, పుట్టగొడుగులు, అనాసపండు వంటివి పేగు పొట్టగోడను దాటివచ్చే ఇరుకు చోట ముద్దకట్టి అడ్డుపడతాయని ఇలియోస్టమీ, అంటే చిన్నపేగును ఇలా బయటకు తెచ్చే ఆపరేషన్, అయిన నాకు తెలియనిది కాదు. రెండేళ్లు ఇంట్లో పాటించిన నియమం అక్కడ తప్పింది.

ఆగుతూ ఆగుతూ మధ్యాహ్నానికి మోకాళ్ల మెట్టు సమీపించేసరికి పొట్టలో మెలిపెడుతున్నట్టు నొప్పి మొదలైంది. సంచిలోకి ఎప్పటిలా జావలాంటి మలం రాలేదు, పలుచటి నీరు మాత్రమే కారుతోంది, స్టోమా ఉబ్బింది. “విరేచనాలేమోనండీ, ఈ మాత్ర వేసుకోండి” అంటూ ఆమె లోపరమైడ్ తీసింది. నేను వద్దన్నాను. అడ్డుపడిన ముద్ద పక్కనుంచి నీరొక్కటే జారుతున్నప్పుడు, దానిని విరేచనమనుకుని కట్టుమాత్ర వేసుకోవడం ఎంత పొరపాటో నాలాంటి ప్రతి ఒక్కరూ తమవారికి ముందే చెప్పి ఉంచాలి.

దారిపక్క మండపంలో వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఛాతీకి హత్తుకున్నాను. ఆమె స్టోమా చుట్టూ మెల్లగా నిమిరి, ఉబ్బు ఒరుసుకోకుండా రంధ్రం పెద్దదిగా కత్తిరించిన కొత్త సంచి అతికించి, గోరువెచ్చని నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగించింది. వాంతి మొదలైనా, కారే నీరు కూడా ఆగిపోయినా ఇక ఒక్క క్షణం ఆగక ఆసుపత్రికి పోవాలన్న డాక్టరు మాటను తలచుకుంటూ గడియారం చూస్తూ కూర్చుంది.

రెండు గంటలు గడిచాక అరచేతి కింద సంచి ఒక్కసారిగా వెచ్చగా, బరువుగా తగిలింది. పారదర్శకమైన ప్లాస్టిక్ వెనుక పసుపుపచ్చని గింజలు, వేటికవి, నమలనివి నమలనట్టే కనిపించాయి. గోవిందా అన్న మాట ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

మర్నాడు దర్శనమయ్యాక ఆమె లడ్డూ విప్పి, జీడిపప్పు, ఎండుద్రాక్ష ఏరి తన కొంగులో వేసుకుని, మిగిలిన బూందీని మెత్తగా మెదిపి నా చేతిలో పెట్టింది.