అలుగు, ఆలివ్ రిడ్లే: నా ఫారెస్ట్ ప్రిపరేషన్‌లో కలిసొచ్చిన జంట

ఫారెస్ట్ ఉద్యోగాల సెలక్షన్ లిస్టులో నా నంబర్ చూసుకున్నాక ఇప్పుడిప్పుడే తేరుకుని రాస్తున్నా. సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే. మ్యాథ్స్ రోజూ చేశా, కరెంట్ అఫైర్స్ అందరిలాగే చదివా, అంతకుమించి చెప్పడానికేం లేదు.

అసలు కథంతా బయోడైవర్సిటీ దగ్గరే. జాతుల లిస్టులు ఎంత బట్టీ పట్టినా హాల్లోకి వెళ్లేసరికి ఐయూసీఎన్ (ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ సంస్థ), సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం), షెడ్యూల్ (మన వన్యప్రాణి చట్టంలోని జాబితా) మూడూ కలగాపులగమే. ఈసారి లిస్టు పక్కన పడేసి, ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు జీవుల్ని పక్కపక్కన పెట్టి చదివా. అలుగు (పాంగోలిన్), ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు. అలుగు పొలుసులూ, తాబేలు డిప్ప పైనున్న పలకలూ రెండూ మన గోళ్లలో ఉండే కెరాటినే! అయినా వర్గీకరణలో కార్డేటా అనే వర్గం దాకా కలిసి నడిచి, విభాగం (క్లాస్) దగ్గర విడిపోతాయి. అలుగు పిల్లకి పాలిస్తుంది, క్షీరదం, క్రమం ఫోలిడోటా. తాబేలు సరీసృపం, క్రమం టెస్టుడైన్స్. పొలుసులు చూసి అలుగుని సరీసృపాల్లో టిక్ పెట్టించడానికే ఆ ఆప్షన్ ఇస్తారు.

మన చట్టంలో రెండూ గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1, సైటిస్‌లోనూ రెండూ అన్నిటికన్నా కఠినమైన అపెండిక్స్ 1 (అలుగుని అందులోకి మార్చింది 2016లో). తేడా వచ్చేది ఐయూసీఎన్‌లో: మన అలుగు ఎండేంజర్డ్ (అంతరించే ప్రమాదంలో ఉన్నది), తాబేలు దానికంటే ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న వల్నరబుల్. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకి లక్షల్లో వచ్చే తాబేలు వల్నరబుల్ ఏంటి అనిపిస్తుంది కదా. ఐయూసీఎన్ వాళ్లు తలలు లెక్కపెట్టి ఊరుకోరు, పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే అంతలో, సంఖ్య ఎంత పడిపోయిందో కూడా చూస్తారు. తాబేలు ఒక్కసారికి వంద దాకా గుడ్లు పెడుతుంది గానీ ట్రాలర్ వలల్లో ఊపిరాడక చస్తుంది. అలుగు మామూలుగా ఒక్క పిల్లనే కంటుంది, పొలుసుల కోసం, మాంసం కోసం వేటాడుతూనే ఉంటారు, ఇక కోలుకునేదెప్పుడు? కారణం తెలిశాక స్టేటస్ మర్చిపోమన్నా మర్చిపోలేం.

రెండు జంతువుల మీద పూటంతా కూర్చుంటే రూమ్‌లో నవ్వారు, ఒకట్రెండు మార్కులకి ఇంత అవసరమా అని. అవసరమే. కటాఫ్ దగ్గర ఒక్క మార్కుకి ఎంతమంది ఆగిపోతారో మీకు నేను చెప్పాలా? కూర్చోవడానికి ఓపిక లేనివాళ్లే షార్ట్‌కట్‌లు అడుగుతారు.

ఇంకోటి, పాత మెటీరియల్‌లో షెడ్యూళ్లు ఆరని ఉంటుంది. 2022 సవరణతో నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు, నాలుగోది సైటిస్ జాతులది. అలాంటి పుస్తకం మీ దగ్గరుంటే ఆ చాప్టర్ కొట్టేయండి.

తర్వాత కలివి కోడి అనే పక్షినీ గంగా డాల్ఫిన్‌నీ ఇలాగే పెట్టి చూడండి. నా నోట్స్ పీడీఎఫ్ మాత్రం అడగొద్దు, ఆ రాత నాకే సరిగ్గా అర్థం కాదు.